అవ్వ వాకిట్లో అంబలి వేళ

మొన్న మా బాన్సువాడ బడి గోడ మీద ఒక కాగితం అంటించారు. తాగుడు మానాలనుకునేవాళ్లు వారానికోసారి ఆ బడిలో కూర్చుని మాట్లాడుకుంటారట, ఎవరైనా రావచ్చట. అంటించిన దవాఖాన కాంపౌండరు నన్ను చూసి, "తాతా, మీ కాలంల గిసువంటియి యాడియి? పాపం, తాగి తాగి సచ్చెటోళ్లు గద" అన్నాడు.

నాకు నవ్వూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. మా కాలంలో లేకపోవడమేమిటి నాయనా! వారానికోసారి కాదు, రోజూ ఉండేది. కుర్చీలు లేవు, కాగితం లేదు. ఒక అవ్వ ఉండేది. నేను ఇన్నేళ్లు బతికి, ఇవాళ నీ ముందు నిలబడి నీతో తగువు పడుతున్నానంటే ఆమె చలవే. ఆ మాటే అతనితో అన్నాను. అతను నవ్వి జిగురు డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు. చెప్పవలసింది చాలా ఉండిపోయింది కనుక ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పేరు నాకు తెలియదు. ఏళ్ల తరబడి ఆమె వాకిట్లో కూర్చున్నాను, పేరు అడగాలని ఒక్కనాడూ తోచలేదు. సిగ్గుచేటే. కాలువ కాడి అవ్వ అంటే బాన్సువాడలో ఎవరైనా దారి చూపేవాళ్లు. నిజాంసాగర్ నీళ్లు పొలాలకు పారడం మొదలై అప్పటికి ఎంతో కాలం కాలేదు. వరి విరివిగా పండుతోంది, చెరకు పండుతోంది, దాంతోపాటు తాగుడూ బాగానే పండుతోంది.

అవ్వ పొట్టి మనిషి. ఆ మనిషికి ఆ ముక్కు ఎలా అమరిందో గాని, చాలా పెద్ద ముక్కు. గోచీ పోసి కట్టిన ముతక చీర, చెవులకు వెండి గంటీలు. నవ్వితే ముందు గంటీలు ఊగేవి, తర్వాత భుజాలు, తర్వాత మనిషంతా. తిట్టు లేకుండా మాట మొదలుపెట్టేది కాదు. ఆమె తిట్టిన రోజున అన్నం సహించేది, తిట్టని రోజున ఏం తప్పు చేశామా అని బెంగ పట్టుకునేది.

నేను దర్జీని. బజారులో ఒక అరుగు మీద నా మిషను ఉండేది. తాగకపోతే చెయ్యి వణికేది, తాగితే కన్ను తప్పేది. ఒక పెళ్లికొడుకు షేర్వానీకి రెండూ ఎడమ చేతులే కుట్టి ఇచ్చాను. పాపం, ఆ పిల్లవాడు పెళ్లయ్యేదాకా వెనకాల ఎవరినో పిలుస్తున్నట్టు కుడిచెయ్యి మెలితిప్పుకునే కూర్చున్నాడు. వాళ్ల మేనమామలు నన్ను వెతుక్కుంటూ వస్తే నేను కల్లు దుకాణంలో గోడకు చేరగిలపడి పాట పాడుతున్నాను.

ఆ మర్నాడు పొద్దున నా భార్య పిల్లను చంకనేసుకుని, బట్టల మూట నెత్తిన పెట్టుకుని గడప దిగింది. అరవలేదు, ఏడవలేదు.

"మా తల్లిగారింటికి పోతున్న. కాలువ కాడ అవ్వ ఉంది, ఆమె కాడికి పో. ఆమె కబురు పంపిన్నాడు వొస్త. నువ్వు పంపితె రాను, మీ అన్న పంపితె రాను" అంది.

మంజీర నది అవతల వాళ్ల ఊరు. ఆ రోజంతా నేను అరుగు మీదే కూర్చున్నాను. మిషను తొక్కలేదు. సాయంత్రం ఎండ తగ్గాక లేచి కాలువ వైపు నడిచాను.

ఆ ఇల్లు దాటుకుని రెండుసార్లు వెళ్లిపోయాను. ఎందుకంటే అక్కడ కనిపించింది అచ్చంగా కల్లు దుకాణమే. వాకిట్లో పదిమంది మగవాళ్లు గుండ్రంగా గొంతుక్కూర్చున్నారు. ప్రతివాడి చేతిలో మట్టి ముంత. మధ్యలో మోదుగాకుల మీద ఉడికించిన శనగ గుడాలు. ఒకడు ఏదో చెబుతున్నాడు, మిగతావాళ్లు పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు. మూడోసారి వెనక్కి వచ్చి, మా ఆవిడకు మతి పోయిందా, లేక దేవుడు నా మొర విన్నాడా అనుకున్నాను. పెళ్లామే దారి చూపిన కల్లు దుకాణం ఎవడికి దొరుకుతుంది! గబగబా వెళ్లి ఆ గుంపులో జాగా చూసుకుంటున్నాను, ఇంతలో ఎదురుగా అవ్వ నిలబడింది.

"నోరు తెర్వు" అంది.

"ఎందుకవ్వా?"

"బంగారముందేమొ సూస్త. తెర్వు కొడుకా!"

తెరిచాను. ఆ పెద్ద ముక్కు దగ్గరికి తెచ్చి, కళ్లు మూసుకుని ఒక్కసారి వాసన పట్టింది. "నిన్న మాపటిది. తాటికల్లు. పుల్లగైంది తాగినవ్, దరిద్రుడా. ఇయ్యాల ఇంక ముట్టలే. మంచిగొచ్చినవ్, కూసో."

చేతిలో ముంత పెట్టింది. రోజంతా ఎండిన గొంతు నాది. కళ్లు మూసుకుని, తల వెనక్కి వాల్చి, ఊపిరి తీయకుండా ఎత్తిన ముంత దించకుండా తాగేశాను. సగం లోపలికి పోయాక నాలుక్కి తెలిసింది. జొన్న అంబలి. ఉప్పు, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. కళ్లు తెరిచి చూస్తే పదిమందీ నా ముఖం వైపే చూస్తున్నారు. నా కళ్లు తెరుచుకోవడం ఆలస్యం, వాకిలి దద్దరిల్లిపోయింది. ఒకడైతే వెనక్కి వెల్లకిలా పడ్డాడు.

"మొదటిరోజు నేనైతే ఊసేశానండీ బాబూ" అన్నాడు పక్కనున్నాయన నా వీపు నిమురుతూ. వర్ని దగ్గర కాలువ కింద పొలం కొనుక్కుని కోస్తా నుంచి వచ్చిన రైతు ఆయన. అవ్వను కూడా 'అవ్వగారూ' అనే పిలిచేవాడు. ఆమె 'గారు నీ గడ్డపార' అని తిట్టినా మానేవాడు కాదు. ఆ వాకిట్లో ఉన్న ప్రతివాడూ నాలాగే కల్లు దుకాణమనుకుని సంబరంగా వచ్చి కూర్చున్నవాడేనని తర్వాత తెలిసింది. కొత్తవాడు మొదటి ముంత తాగుతుంటే ముఖం చూడటం వాళ్లకు పండగ. కొన్నాళ్లకు నాకూ పండగే అయింది.

అదంతా అవ్వ కావాలని చేసిన పనే. ఒకసారి నేనే అడిగాను, ఈ ముంతలూ గుడాలూ ఎందుకు, వీటిని చూస్తే కల్లు గుర్తు రాదా అని.

"కల్లు కోసమే అయితె ఇంట్ల కూసోని తాగొచ్చు గదరా. గంత దూరం నడ్సి దుకాణం కాడికి ఎందుకు పోయినవ్? నలుగుర్ల కూసునేతందుకు పోయినవ్. గా కూసునుడు నేనిస్త. కల్లొక్కటే ఇయ్య" అంది.

కల్లు దుకాణం తెరిచే వేళకే ఆమె వాకిలి ఊడ్చేది. పొద్దుగూకి ఇళ్లల్లో దీపాలు పెట్టే వేళకు అందర్నీ తరిమేసేది. ఎవరైనా పిడికెడు జొన్నలు తెస్తే తీసుకునేది, తేకపోతే అడిగేది కాదు. ఖాళీ చేతులు చూస్తే మాత్రం ఆమెకు గిట్టేది కాదు. వచ్చినవాడి చేతిలో పల్లికాయలో, పేనవలసిన నారో పడేసేది. నాకైతే ఆమె పాత చీరలు ఇచ్చి బొంత కుట్టమంది. మొదటి వారం నా కుట్లు చూసి, "కోడి నడ్సినట్టుంది" అంది. నెల తిరిగేసరికి నా చేతి వణుకు తగ్గింది. ఆ సంగతి నాకంటే ముందు ఆమే కనిపెట్టి, రెండో బొంత నా ఒళ్లో పడేసింది.

ఇక అక్కడ జరిగే ముచ్చట. ప్రతివాడూ తాగినప్పుడు చేసిన సిగ్గుమాలిన పని ఒకటి చెప్పాలి. ఏడుస్తూ చెబితే అవ్వ ఒప్పుకునేది కాదు. "ఏడ్సేది ఇంటికాడ ఏడ్సి రా. ఈడ నవ్విపియ్యి" అనేది. బాగా నవ్వించినవాడికి ఇంకో దోసెడు గుడాలు. నా షేర్వానీ కథకు మూడు రోజులు వరసగా గుడాలు దొరికాయి.

అందరికంటే గొప్ప కథ ఆమెదే. అవును, ఆమె కూడా తాగిన మనిషే. ఊళ్లో ఏ మగవాడికీ తీసిపోకుండా తాగేదట. కూతురి పెళ్లినాడు పొద్దుటినుంచీ తాగింది. వీధిలో ఆ రోజు రెండు పెళ్లిళ్లు. ఈమె తూలుకుంటూ పక్క పందిట్లోకి వెళ్లి, ఎవరో పెళ్లికూతురిని పట్టుకుని, అత్తగారింట్లో ఎలా మసలుకోవాలో బుద్ధులన్నీ చెప్పి, అచ్చింతలు చల్లి, గుండెలు బాదుకుని ఏడ్చిందట. "గా పిల్ల గూడ ఏడ్సిందిరా! వాళ్లమ్మ గూడ ఏడ్సింది! ఎవ్వలీమె అని ఎవ్వలడుగలే!" అని చెబుతుంటే మాకు ఊపిరాడేది కాదు. గంటీలు ఊగేవి, భుజాలు ఊగేవి. అంతలో ఆగేది. "నా బిడ్డ మా పందిట్ల నా కోసం సూసుకుంట కూసుంది" అనేది. అంతే. తర్వాత లేచి అంబలి కుండ దగ్గరికి వెళ్లేది. ఆ కథ ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. ప్రతిసారీ అక్కడి దాకా నవ్వేవాణ్ణి, ప్రతిసారీ అక్కడ నా కూతురు కళ్లముందుకు వచ్చేది.

టాంగా తోలే సాయిబు ఒకాయన ఉండేవాడు. మంచి మనిషి, మాటకారి. ఆయన మానేశాడు గాని ఆయన గుర్రం మానలేదు. ఎన్నో ఏళ్ల అలవాటు కదా, కల్లు దుకాణం ఎదురుగా రాగానే దానంతట అదే ఆగిపోయేది. కొరడా ఝళిపించినా కదిలేది కాదు. "నేను ఛోడ్ దియా అవ్వా, గీ ఘోడా ఛోడ్తలేదు. సవారీలు నన్నే తాగుబోతు అనుకుంటుండ్రు" అని మొత్తుకున్నాడు.

అవ్వ ఆలోచించింది. "మనిషికి అంబలి, గుర్రానికి బెల్లం" అంది. అప్పటినుంచి సాయిబు టాంగాను ఆమె వాకిటి ముందు ఆపడం, ఆమె ఒక బెల్లం ముక్క దాని నోట్లో పెట్టడం. నెలరోజుల్లో ఆ గుర్రం కల్లు దుకాణాన్ని మరిచిపోయింది. బాగానే ఉంది. కానీ ఇప్పుడు టాంగాలో ఎవరున్నా సరే, ఎంత తొందర పనిమీద పోతున్నా సరే, తెచ్చి అవ్వ వాకిట్లో నిలబెట్టడం మొదలుపెట్టింది.

అలా ఒకనాడు నిజాంసాగర్ వైపు నుంచి వస్తున్న పెద్ద ఆఫీసరొకరిని దింపింది. సూటు, బూటు, రూమీ టోపీ. మేం లేచి నిలబడ్డాం. కొందరు ముంతలు వెనక దాచుకున్నారు, అందులో ఉన్నది అంబలేనన్న సంగతి మరిచిపోయి. అవ్వ మాత్రం తిన్నగా టాంగా దగ్గరికి నడిచింది.

"నోరు తెర్వు సర్కారూ."

ఆయన ఎందుకు తెరిచాడో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఆమె గొంతులో ఉన్న అధికారం అలాంటిదేమో. తెరిచాడు. ఆమె వాసన పట్టి, "ఇది మన దిక్కుది గాదు. సీసలది. పొద్దుగాల్నించి ఉంది" అంది. సాయిబు ముఖంలో నెత్తురు చుక్క లేదు. చేతులు కట్టుకుని, ఉర్దూలో, ఇక్కడ ఏం జరుగుతుందో గడగడా చెప్పేశాడు. ఆఫీసరు మమ్మల్ని ఒక్కొక్కర్నీ చూశాడు. తర్వాత దిగాడు. నిలబడే ఒక ముంత అంబలి తాగాడు, మిరపకాయకు దగ్గాడు, ఎక్కి వెళ్లిపోయాడు. ఆ తర్వాత రెండు మూడుసార్లు ఆ టాంగా ఆయన్ను తెచ్చి అక్కడ నిలబెట్టింది. గుర్రం ఆగిందో ఆయనే ఆపించాడో నేను సాయిబును అడగలేదు.

ఇంత నవ్వుతున్నా నా లోపల ఒకటే ముల్లు. కబురు. నాలుగు రోజులకోసారి, "అవ్వా, పంపుతవా?" అని అడిగేవాణ్ణి. ఆమె మామిడికాయను నొక్కినట్టు నా బుగ్గ నొక్కి, "ఇంక పండలే" అనేది. నెలయింది. రెండు, మూడు, నాలుగు. చుక్క ముట్టలేదు. షేర్వానీలకు సరైన చేతులు కుడుతున్నాను. మంజీర మీదుగా వచ్చేవాళ్లు నా పిల్ల అడుగులేస్తోందని చెప్పారు. నేను చూడకుండా నడక నేర్చేసింది. ఆ రోజు అవ్వ మీద నిజంగా కోపం వచ్చింది.

ఆ కోపంలోనే ఇంకొకటి. వర్ని రైతు ఒక వారం కనబడలేదు. వచ్చిన రోజు వాసన కొడుతూ వచ్చి వాకిటి బయటే కూలబడ్డాడు. అవ్వ వెళ్లి చెయ్యి పట్టుకుని తెచ్చి, గుంపు మధ్యలో కూర్చోబెట్టి, అందరికంటే ముందు ముంత ఆయన చేతిలో పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"నాలుగు నెల్లసంది ముట్టనోన్ని నేనీడ ఉన్న. తాగొచ్చినాయనకు తొలి ముంతా?" అన్నాను.

"నీకు దూప గాలే గద కొడుకా. ఆయనకైంది" అంది అవ్వ.

ఆ దప్పిక మాట నాకు రుచించలేదు. నేను గెలిచినవాణ్ణి, ఆయన ఓడినవాడు అనే లెక్కలో ఉన్నాను అప్పుడు.

దసరా వచ్చింది. మా దిక్కు దసరా అంటే జమ్మి ఆకు చేతిలో పెట్టి ఆలింగనం చేసుకోవడం, ఆ తర్వాత ప్రతి ఇంటా కల్లు. వద్దంటే ఇంటివాళ్లను అవమానించినట్టే. అవ్వకు అది తెలుసు గనుక ఆ రోజు మధ్యాహ్నమే రమ్మంది. ఒక్క ఇంట్లో జమ్మి ఇచ్చి పోదామనుకుని ఒక ఆసామి ఇంటికి వెళ్లాను. నేను కుట్టిన లాల్చీ తొడుక్కుని, "మా దర్జీకి పొయ్యుర్రి" అన్నాడు. ఒక్క గుక్కే అనుకున్నాను. ఆ తర్వాత ఏమైందో ఊళ్లోవాళ్లు చెబితే తెలిసింది. మర్నాడు తల పగిలిపోతుంటే పొద్దున్నే మళ్లీ తాగాను.

సాయంత్రం అరుగు మీద కూర్చున్నాను. అవ్వ దగ్గరికి వెళితే కబురు ఇక జన్మలో పోదు. వెళ్లకపోతే, రెండు రోజులు జ్వరమని చెప్పి, వాసన పోయాక ఏమీ జరగనట్టు వెళ్లి కూర్చోవచ్చు. ఇంట్లో సోంపు ఉంటే నమిలాను. జామాకు నమిలాను. ఇంకో గుప్పెడు నోట్లో పెట్టుకోబోతూ, నా మీద నాకే అసహ్యం వేసి అంతా ఉమ్మేశాను. ఐదు నెలలు ఆ వాకిట్లో నవ్వినవాణ్ణి, అక్కడివాళ్ల కళ్లుగప్పి ఎక్కడ కూర్చోను? లేచి నడిచాను.

అవ్వ అడగకముందే నోరు తెరిచాను. ఆమె ముక్కు దగ్గరికి తేలేదు. నా మణికట్టు పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. సాయిబు, రైతు జరిగి చోటిచ్చారు. తొలి ముంత నా చేతిలోకి వచ్చింది. అప్పుడు తెలిసింది దూప అంటే ఏమిటో.

"ఏమాయెనో చెప్పు" అంది అవ్వ.

చెప్పాను. ఆసామి ఇంటి ముందు కట్టేసిన ఎద్దుకు లాల్చీ కొలతలు తీశానట. మెడ మరీ పెద్దది, గుడ్డ చాలదు, ఇంకో గజం తెమ్మని దానితో గంటసేపు బేరమాడానట. చెబుతూ ఏడుపు వచ్చింది. సాయిబు ఆపుకోలేక, "గా ఎద్దు ఒప్పుకున్నదా మియా?" అన్నాడు. అంతే, నవ్వు పగిలింది. నేనూ నవ్వాను. కన్నీళ్లు కారుతూనే ఉన్నాయి. అవ్వ రెండు దోసెళ్ల గుడాలు నా ముందు పోసింది.

మర్నాడు సాయిబు టాంగా బజారులో కనబడలేదు. ఆ మర్నాడు మధ్యాహ్నం, అరుగు మీద గుండీలు కుడుతుంటే టాంగా వచ్చి నా ముందు ఆగింది. లోపలినుంచి ఒక చిన్న పాదం, పట్టీతో, కిందికి వేలాడింది.

నా భార్య దిగింది. పిల్లను దింపింది. పిల్ల నన్ను గుర్తుపట్టక ఆమె చీర కుచ్చిళ్లు పట్టుకుని నిలబడింది. గుడ్డ పక్కన పెట్టి లేచాను. అవ్వ ఏమని కబురు పంపి ఉంటుందో, నేను తాగలేదని అబద్ధం చెప్పి పిలిపించిందేమోనని భయం వేసింది.

"నేను మొన్న తాగిన" అన్నాను, ఇంకేమీ మాట్లాడకముందే.

"ఎరుకే. గదే కబురు పంపింది అవ్వ" అంది నా భార్య. "ఐదు నెల్లసంది తాగుతలేవని ఊరంత చెప్పిరి. నేను రాలే. తాగిన్నని నువ్వే పోయి చెప్పినవంట. గందుకు వొచ్చిన."

పిల్లను ఎత్తి నా చేతుల్లో పెట్టింది.